ఎరుగుదునన్నాను, చూశాననలేదు

ఇషిగాకి
ఏప్రిల్ 21

చినత్సూ,

"మా అమ్మమ్మ చిన్నప్పుడు కొండపిల్లిని కళ్ళారా చూసింది" అని మీ లాడ్జికి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నానని రాశావు. చాలా సంతోషం. కాకపోతే అది అబద్ధం. చూశానని నేనేనాడూ రాయలేదు. "ఆ జంతువును నేనెరుగుదును" అని రాశాను. చూడటం వేరు, ఎరగడం వేరు. నోరు అరిగేదాకా పిల్లలకు భాష చెప్పిన మనిషికి మనవరాలివై పుట్టి, క్రియాపదాలు నీ ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే ఎలా?

ఎలా ఎరుగుదువని నువ్వు అడగలేదు, కనుక నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. అన్నం తింటూ చదువుతుంటే ముందు తినడం కానియ్.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. యుద్ధం అయిపోయింది గాని మలేరియా అవలేదు. నేను చాపకు అతుక్కుపోయి ఉన్నాను. నేను పుట్టిన, ఇప్పుడు మీరున్న ఆ దీవిలో అప్పుడు డాక్టరూ లేడు, మందూ లేదు. మా తాత అడవిపంది కోసం పన్నిన ఉచ్చులో ఒక పొద్దున పందికి బదులు అది పడి ఉంది. తాత వెళ్ళేసరికే ప్రాణం పోయింది. జబ్బు మనిషికి దాన్ని మించిన మందు లేదని మా ఊళ్ళో పెద్ద పేరు. కాబట్టి, మీ లాడ్జి గోడ మీద పటం కట్టి పెట్టుకున్న, లోకంలో మరెక్కడా లేని ఆ జంతువుతో నా పరిచయం ఒక చిప్పలో జరిగింది. మిసో అనే సోయా ముద్ద వేసి, గుప్పెడు మాచిపత్రి వేసి కాచారు.

టోక్యో నుంచి పండితులొచ్చి దాన్ని "కనిపెట్టి" పేపర్లలో వేయించేసరికి, అది నాకు అరిగిపోయి పదిహేడేళ్ళయింది.

మా ఊరి భాషలో దాని పేరు యమపికార్యా. కొండలో మెరిసేది అని. చిప్ప ఖాళీ చేశాక మా అవ్వ నా పొట్ట నిమిరి, "ఇంక నీ లోపల మెరుస్తుందే. జ్వరానికి అక్కడ దాక్కోడానికి చీకటి దొరకదు" అంది. నేను అక్షరాలా నమ్మాను. నోరు తెరిస్తే ఆ వెలుగు కారిపోతుందని, పొద్దుగూకితే చాలు, పెదాలు బిగించుకుని కూర్చునేదాన్ని. నేను నోరు మూసుకున్న సందర్భం అంతకు ముందు గాని ఆ తర్వాత గాని మావాళ్ళెవరికీ గుర్తు లేదు.

జ్వరం పోయింది. పులుసుకు పోయిందో, పోయే రోజొచ్చి పోయిందో నాకు తెలీదు.

మీ యజమాని తొకుమోరి నా దగ్గర నాలుగో తరగతి చదివాడు. తప్పిపోయిన మేకను వెతకబోయి తనే తప్పిపోయిన ఘనుడు. ఇప్పుడు ఊరూపేరూ తెలియని జనాన్ని అడవిలోకి తీసుకుపోయి మళ్ళీ వెనక్కి తెస్తున్నాడంటే, నా చదువు వృథా పోలేదన్నమాట.

ఫోను చేయకు. నీ ఒసాకా యాస నాకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నేను ఊహించుకుంటే తగాదాలొస్తాయి. పడవ రోజూ ఉంది, ఉత్తరమే రాయి. జలగల కాలం వస్తోంది, సాక్సులకు ఉప్పు రుద్దుకో, పింగిమాయా.

అమ్మమ్మ శిగె

•

తొకుమోరి లాడ్జి, ఇరియోమోతె
ఏప్రిల్ 27

అమ్మమ్మా,

అన్నం తినడం అయిపోయాకే చదివాను. లేకపోతే ఆ పూటకి పస్తే.

పులుసా! ఎవరికైనా చెప్పుకోవాలనిపించి తొకుమోరి గారి దాకా వెళ్ళి, నోరు రాక వెనక్కొచ్చేశాను. ఆయన అప్పటికే బోర్డు రాయించి రేవులో కూడా పెట్టించేశారు: "జూన్ 8 సాయంత్రం, కొండపిల్లిని చూసిన పెద్దావిడతో కబుర్లు". ఆ పెద్దావిడవి నువ్వే. నిన్ను అడగకుండానే ఒప్పేసుకున్నాను. తిట్టు, కానీ పూర్తిగా చదివి తిట్టు.

ఇక్కడికొచ్చి మూడు నెలలు కావస్తోంది కదా. అతిథులకు పాములగద్దను చూపిస్తాను, ఎర్ర లకుముకి పిట్టను చూపిస్తాను, మడ అడవిలో బురద మీద గెంతే చేపల్ని చూపిస్తాను. అన్నీ చూసి, ఫొటోలు తీసుకుని, పడవలో వెనక్కొస్తూ అందరూ అడిగేది ఒకటే: "కొండపిల్లిని మీరెప్పుడైనా చూశారా?" నేను దాని అడుగు చూశాను. పెంట చూశాను. అది తిని వదిలేసిన కొంగ ఈకలు చూశాను. దాన్ని మాత్రం చూడలేదు. "లేదండీ" అనగానే వాళ్ళ మొహాల్లో ఏదో ఆరిపోతుంది. ఆ క్షణం తట్టుకోలేకే నీ పేరు చెప్పడం మొదలుపెట్టాను.

నన్ను ఉంచుకోవాలో వద్దో తొకుమోరి గారు జూన్ నెలాఖరుకు తేలుస్తారు. నాకు ఉండాలని ఉంది, అమ్మమ్మా. ఒసాకాలో ఆ ఆఫీసు వదిలేశాక నాకంటూ ఏదైనా కావాలనిపించడం ఇదే మొదటిసారి.

అందుకని నువ్వొచ్చి చూశానని ఒక్క మాట చెప్పు. పులుసు సంగతి మాత్రం వద్దు. వచ్చేవాళ్ళలో సగం మంది జంతుప్రేమికులు, మిగతా సగం మాంసం ముట్టరు.

అన్నట్టు, నీ ఉత్తరం చివర నన్ను పింగిమాయా అన్నావు. కొండపిల్లికి అది ముద్దుపేరు కదూ? ఎంత నచ్చిందంటే, నా బ్యాడ్జి మీద "గైడు పింగిమాయా" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. అతిథులంతా "పింగిమాయా గారూ" అనే పిలుస్తున్నారు. తొకుమోరి గారు అది చూసి, ఎందుకో దగ్గుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. వాన గాలికి జలుబు చేసినట్టుంది.

నీ చినత్సు

•

ఇషిగాకి
మే 3

చినత్సూ,

బ్యాడ్జి తీసెయ్. తీసేశాక మిగతాది చదువు.

మాయా అంటే పిల్లి. పింగి అంటే పారిపోయిన. ఇంట్లో చేపముళ్ళు తిని పెరిగి, ఒకనాడు అడవిలోకి జారుకుని ఇక తిరిగి రాని పిల్లి పింగిమాయా. అది ఇంటిదీ కాదు, అడవిదీ కాదు. కొండపిల్లి కప్పల్ని అది తినేస్తుంది, దాని రోగాలు కొండపిల్లికి అంటుకుంటాయి. అందుకని మీ దీవివాళ్ళు బోను పెట్టి, పట్టుకుని, పడవెక్కించి ఇషిగాకికి పంపేస్తుంటారు. అంటే నువ్వు ఇన్నాళ్ళూ "నన్ను పట్టి బోనులో పెట్టండి" అని గుండెల మీద రాసుకుని జనానికి దారి చూపించావు. తొకుమోరి దగ్గుకు మందేమీ అక్కర్లేదు.

ఇక నీ సాయంత్రం కబుర్ల సంగతి. చూశానని చెప్పను. చూడనిదాన్ని చూశాననడం ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేను. నేను కావాలంటే పులుసుతో సహా తీసుకోవాలి. మాంసం ముట్టనివాళ్ళను మాచిపత్రి దగ్గర వినమను, మిగతా చోట్ల చెవులు మూసుకోమను.

కోడిగుడ్ల ధర పెరిగింది. నా ఎడమ మోకాలు వాన వచ్చే ముందు రోజు చెబుతోంది, రేడియో కంటే నయం.

అమ్మమ్మ

•

తొకుమోరి లాడ్జి
మే 10

గౌరవనీయులైన అమ్మమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. పదానికి అర్థం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. బ్యాడ్జి తీసేశాను.

ఒసాకా నుంచి పారిపోయి వచ్చానని అమ్మ అంటూనే ఉంటుంది. ఆఫీసువాళ్ళూ అన్నారు. అననిది మీరొక్కరే అనుకునేదాన్ని. మీరు రాసింది నిజమే. నేను ఇంటిదాన్నీ కాదు, అడవిదాన్నీ కాదు. ఊరి పేర్లు సరిగ్గా పలకడం రాదు, చెట్ల పేర్లు పుస్తకం చూసి చెబుతాను, చూపించాల్సిన జంతువును చూడలేదు.

బోను అక్కర్లేదు. నా అంతట నేనే పడవెక్కుతాను. జూన్ వరకే ఉంటానని తొకుమోరి గారికి చెప్పేశాను. 8వ తేదీ కార్యక్రమం కూడా రద్దు చేయమంటాను. మోకాళ్ళ నొప్పితో మీరు శ్రమపడి రావద్దు.

వానలు మొదలయ్యాయి. ఆరోగ్యం జాగ్రత్త.

చినత్సు

•

ఇషిగాకి
మే 14

చినత్సూ,

"గౌరవనీయులైన"! నన్ను ఆఖరిసారి అలా పిలిచింది పన్నుల ఆఫీసు. వాళ్ళకైనా నా మీద ఇంత కోపం లేదు.

నీ "మీరు"లు లెక్కపెట్టలేదు గాని, ఒక్కొక్కటీ చేపముల్లులా తగిలింది. సరే. ఇప్పుడు విను. ఇషిగాకికి పంపేస్తారని రాశాను. పంపాక ఏమవుతాయో రాయలేదు. నువ్వు అడగలేదు, నాకు తోచలేదు.

ఒకటి మా ఇంట్లో ఉంది.

ఫిబ్రవరిలో నువ్విక్కడ నాలుగు రోజులుండి ఆ దీవికి వెళ్ళావు చూడు, ఆ మరుసటి వారం తెచ్చుకున్నాను. ఎలకల కోసమని పక్కింటి ఫుమికి చెప్పాను. మా ఇంట్లో ఎలకలు లేవని ఫుమికి తెలుసు. బూడిద రంగుది, ఒక చెవి చినిగింది, మనుషులంటే పడదు. మొదటి వారమంతా బియ్యం డబ్బా వెనకాలే. ఇప్పుడు ఇస్త్రీ బట్టల మీద తప్ప పడుకోదు. పొద్దునా సాయంత్రం గిన్నె పెట్టి, "రావే పింగిమాయా, పొగరుబోతుదానా, రా" అని పిలుస్తాను. ఆ మాట నా నోటికి అలా అలవాటైంది. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఒక చేపముక్కతో కలిసే వస్తుంది. నీకు రాస్తుంటే కలంలోంచి కూడా అలాగే వచ్చింది. ఉత్తరంలో చేపముక్క కనబడదు, అదీ వచ్చిన చిక్కు.

ఇక పారిపోవడం. నువ్వా ఆఫీసు వదిలి మా గుమ్మంలోకి వచ్చిన రోజు నాకు గుర్తుంది. చెప్పులు విప్పుతూ విప్పుతూ అక్కడే కూర్చుని నిద్రపోయావు. లేపబుద్ధి కాక గుమ్మంలోనే దుప్పటి కప్పాను. బోనులోంచి బయటపడ్డ పిల్లిని పారిపోయిందనేది బోను చేసినవాడు. నేను బోనులు చేయను. మీ అమ్మతో నేను మాట్లాడతాను. మాట్లాడటం అంటే నేను మాట్లాడతాను, అది వింటుంది.

నేను వస్తున్నాను. టికెట్టు కొనేశాను. కార్యక్రమం రద్దు చేస్తే ఏడో ఎక్కం అందరి ముందూ అప్పజెప్పిస్తానని తొకుమోరికి చెప్పు. అప్పుడు రాలేదు, ఇప్పుడూ వచ్చి ఉండదు. మోకాలి పట్టీ, నీలం గొడుగు, పొడి మాచిపత్రి తెస్తాను. మెత్తటి పక్క వద్దు, నడుం పట్టేస్తుంది.

అమ్మమ్మ
(గారు తీసెయ్)

•

తొకుమోరి లాడ్జి
జూన్ 11

అమ్మమ్మా,

నువ్వెళ్ళి ఒక్కరోజే అయింది. నీ చాప ఇంకా మడత పెట్టలేదు.

8వ తేదీ సాయంత్రం గురించి ఇక్కడ ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. నువ్వు "దాన్ని నేను చూడలేదు, తిన్నాను" అనగానే నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను. ఆ కళ్ళజోడు ఆవిడ, మాంసం ముట్టనావిడే, మెల్లిగా "రుచి ఎలా ఉండేదండీ?" అని అడిగితే, నువ్వు "చేదు. కానీ అది మాచిపత్రి తప్పు" అన్నావు. మొదట నవ్వింది తొకుమోరి గారు. "టీచరు గారూ, ఇప్పుడు దొరికితేనో?" అన్నారు. "నాకిప్పుడు జ్వరం లేదురా" అన్నావు. ఆ కళ్ళజోడు ఆవిడ వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "ఇన్ని చోట్లు తిరిగాను, అడవి ఎవరినైనా బతికించిందని చెప్పినవాళ్ళు లేరు, అందరూ అడవిని మనం బతికించాలనే చెబుతారు" అంది. ఆ రాత్రి నన్ను ఒక్కరూ "మీరు చూశారా" అని అడగలేదు.

కానీ మర్నాడు సాయంత్రం నుంచి నాకు మనసు బాగాలేదు. పొలం గట్టు మీద నీ సాక్సులో జలగ దూరింది చూడు, "కదలకు, అమ్మమ్మా" అన్నాను. నువ్వు నిజంగానే కదల్లేదు. మాట్లాడనూ లేదు. నీ పాదం నా ఒళ్ళో పెట్టుకుని ఉప్పు చల్లుతూ నేనే ఏదేదో వాగాను. నువ్వు తిట్టలేదు, నా ఉచ్చారణ దిద్దలేదు. తలెత్తి చూస్తే నీ మొహం ఎలాగో ఉంది. లాడ్జికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. మర్నాడు రేవులో కూడా అంతే. వాన పడుతుంటే గొడుగేదంటే సంచిలో ఉందన్నావు, తియ్యకుండా తడుస్తూ పడవెక్కావు. నొప్పి పుట్టిందా? అంత దూరం నడిపించి నిన్ను అలసగొట్టానా? లేకపోతే నా మీద కోపమా? నిన్ను కోపంగా చూశాను గాని, మాట్లాడకుండా ఎప్పుడూ చూడలేదు.

తొకుమోరి గారు నన్ను ఉండమన్నారు. ఆదివారం జవాబు చెబుతానన్నాను. వద్దనే చెప్పబోతున్నాను. ఆయనకు నువ్వు నచ్చావు, నేను కాదు. రేపు కొత్తవాళ్ళొస్తారు. "మీరు చూశారా" అంటారు. అందరి ముందూ నిలబడి చూడలేదని చెప్పిన నీకు మనవరాలిని, నేనూ అబద్ధం చెప్పలేను. చూడనిదాన్ని చూపిస్తానని జనాన్ని వెంటేసుకు తిరిగే గైడు ఏం గైడు?

కాలు వాచిందేమో రాయి.

చినత్సు

•

ఇషిగాకి
జూన్ 13

చినత్సూ,

కాలు వాయలేదు. అలసిపోలేదు. కోపమూ కాదు. మూడూ తప్పే, మూడు సున్నాలు వేసుకో.

నోరు మూసుకున్నాను, అంతే. ఎనిమిదో ఏట ఒకసారి, మళ్ళీ ఇప్పుడు.

నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని, ఉప్పు డబ్బా పట్టుకుని నా చీలమండతో యుద్ధం చేస్తున్నావు. "నీ సాక్సు కూడా నీలాగే మొండిది" అని ఏదో అంటున్నావు. అప్పుడు నీ వెనక, కోతకొచ్చిన ఆ మడికి అవతల, మొగలిపొదల్లోంచి అది గట్టు మీదికొచ్చింది. నోట్లో కప్ప. పింగిమాయా అయి ఉంటుందని అనకు. పోల్చి చూసుకోడానికి మా ఇంట్లో ఒకటుంది. దీని చెవుల వెనక తెల్లమచ్చలున్నాయి, తోక మొదలు నుంచి కొసదాకా ఒకే లావు. మా తాత ఉచ్చులోంచి తెచ్చినప్పుడు నన్ను చూడనివ్వలేదు. ఇంత చిన్నదని నాకు తెలీదు, చినత్సూ. ఇంత చిన్నదాన్ని తాగి బతికానని తెలీదు.

అది నన్ను లెక్కచేయలేదు. నిన్ను చూస్తూ నిలబడింది. వంచిన నీ మెడను, జారిపోయిన నీ జుట్టును, నా పాదాన్ని పట్టుకున్న నీ చేతుల్ని చూసింది. కప్ప కాళ్ళు కొట్టుకుంటున్నా వదల్లేదు, కదల్లేదు. తలెత్తవే అని నీకు చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే అది పోతుంది. తెరవకపోతే నువ్వు చూడవు. చదువుకున్న మనిషిని, ఏం చేయాలో నాకు తోచలేదు. ఆఖరికి, కనీసం దాన్నైనా నిన్ను తనివితీరా చూడనిద్దామని ఊరుకున్నాను.

"అయిపోయింది, అమ్మమ్మా" అని నువ్వు తలెత్తేసరికి గట్టు ఖాళీ. నీ బుగ్గ మీద బురద, చేతిలో జలగ, ఏదో సాధించినట్టు నవ్వు. అప్పుడు చెబితే ఏడుస్తావు. రేవులో చెబుదామనుకుంటే నా గొంతు నా మాట వినలేదు. నా గొంతు, చూడు, నా మాట వినకపోవడం!

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చూశాను. ఈసారి క్రియాపదం సరైనదే.

ఇకమీదట ఎవరైనా "మీరు చూశారా" అని అడిగితే, "లేదండీ, అది నన్ను చూసింది" అని చెప్పు. అందులో అబద్ధం లేదు. సాక్షిని నేనున్నాను, నమ్మనివాళ్ళను ఇషిగాకికి పంపించు. తొకుమోరికి ఏం చెబుతావన్నది నీ ఇష్టం, నేను చెప్పను. ఇక్కడికొస్తే గిన్నె ఉంది. అక్కడుంటే నాకు పడవ ఉంది.

కాకపోతే ఆదివారానికి ముందు నాకొక పని చేసిపెట్టు. గొడుగు సంచిలో ఉందని నీతో అన్నది అబద్ధం. ఆ గట్టు చివర, నీళ్ళ తూము పక్కన రాయి మీద పెట్టి వచ్చాను. మరచిపోలేదు. నేను గొడుగులు మరచిపోను. వెళ్ళి తీసుకురా. పొద్దు వాలకముందే వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు. అతిథులొద్దు, టార్చి వద్దు, బ్యాడ్జి అసలే వద్దు. మొగలిపొదలకు ఎదురుగా కూర్చో, ఈసారి వీపు పెట్టకు. సాక్సులకు ముందే ఉప్పు రుద్దుకో, అయినా జలగ పట్టిందనుకో, తాగనీ, తల మాత్రం దించకు. తొందరేం లేదు. బాగా చీకటి పడ్డాక గొడుగు తీసుకుని లాడ్జికి పో. మర్నాడు పొద్దుటి పడవలో సరంగుకిచ్చి పంపించు. తడిదైతే ఆరబెట్టి పంపు, తుప్పు పడుతుంది.

అమ్మమ్మ